సీడీ పెట్టగానే

అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ గదిలో నలుగురం ఉండేవాళ్లం. ముగ్గురం మైత్రీవనంలో జావా నేర్చుకుంటూ, అప్పుడే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లమైపోయినట్టు పోజులు కొట్టేవాళ్లం. నాలుగో అమ్మాయిది కరీంనగర్ వైపు. ఆమెకు చూపు లేదు. బ్యాంకు పరీక్షకు చదువుతోంది. వాళ్లన్నయ్య పుస్తకాలు పైకి చదివి, ఆడియో సీడీల్లో ఎక్కించి పంపేవాడు.

గదిలో నా అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. దాన్ని ఆన్ చేసి సీడీ పెట్టడం ఆమెకు కొట్టిన పిండే. కానీ పెట్టిన ప్రతిసారీ, దీన్నేం చేయమంటావంటూ తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది. అందులో సరైన చోట మౌస్ నొక్కితేగానీ పాఠం మొదలయ్యేది కాదు.

"అక్కా, జర వచ్చి నొక్కుతవా?" అనేది. మేం క్లాసులకు, పంజాగుట్టలో ప్రాజెక్టు పనికి పోతే, సీడీ ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేది. పరీక్ష దగ్గరపడేసరికి అడగడమే తగ్గించేసింది. "మీకు సుత పనులుంటయి గదక్కా" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ పెట్టె మీద.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాని అంతు చూద్దామని కూర్చున్నాను. సీడీ డ్రైవు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే, ఆటోప్లే అని కనపడింది. అడగకుండా ప్లే చేయమని పెట్టాను. ఆమె సీడీ వేసింది. మళ్లీ అదే పెట్టె. పాఠం వినపడకపోయేసరికి ఆమెకు తెలిసిపోయింది.

"పోనీలే అక్కా" అంది.

ఆ మాటతో నాకింకా పంతం పెరిగింది. తీరా చూస్తే నేను మార్చింది ఎంపీత్రీ పాటల ఫైళ్లున్న సీడీలకు. ఆడియో సీడీల సంగతి అదే జాబితాలో ఇంకో చోట ఉంది. దాన్నీ మార్చి ఓకే కొట్టాను.

"ఇప్పుడు పెట్టి చూడు."

"నువ్వు జర బయటికి పో అక్కా. తలుపు దగ్గరికెయ్యి."

వరండాలో నిలబడ్డాను. లోపల డ్రైవు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు. సీడీ గిర్రున తిరిగింది. వెంటనే వాళ్లన్నయ్య గొంతు, మొదటి పాఠం. ఇన్నాళ్లూ అంతంత ప్రోగ్రాములు బట్టీ పట్టానే, రెండు నొక్కుల్లో ఇంత ఉందా అని నోరెళ్లబెట్టి నిలబడిపోయాను.

కాసేపటికి గొంతు ఆగింది. డ్రైవు తెరుచుకుంది. ఇంకో సీడీ, ఇంకో పాఠం. నన్ను పిలుస్తుందేమోనని చూశాను. పిలవలేదు. తర్వాత ఉద్యోగం వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.