కోతుల వాటా పెంకలు

నిన్న కొత్తకోట కాడ పాత ఇల్లు కూలగొట్టి, గూన పెంకలు రోడ్డు పక్కన కుప్పవోసిండ్రు. వానకు తడిసిన ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయినయ్.

మా ఊర్ల ఎవలు ఇల్లు కప్పినా పెంకల అంచనాకు మా బాపునే పిలిచేటోళ్లు. కాయితం లేదు, టేపు లేదు. ఒక వాసం కింద పండవెట్టి, దాని పొడుగున పెంకలు పేర్చి లెక్కవెట్టేటోడు. అసొంటి వరుసలు ఎన్ని వడ్తయో ఇంటి పొడుగు మూరేసి చెప్పేటోడు. ఆఖరికి "కోతుల వాటా" అని ఇంకో రెండు వందలు కలిపేటోడు. కోతులు దుంకి పలగ్గొడితే మార్చాలె గద!

మా ఇంటి కోతుల వాటా గోడ ఎన్క ఉండేది. తొక్కుడుబిళ్ల యాదికుందా మీకు? అండ్లకెల్లి మంచి పెంకలే పలగ్గొట్టి, బండకు రాకి బిళ్లలు చేసుకునేటోళ్లం.

ఒక ఏడు ముసురుకు బాపు వాళ్లవ్వ మంచం మీదనే కురిసింది. బాపు గోడ ఎన్కకు పోయి చూస్తే నాలుగు పెంకలే మిగిలినయ్.

"ఊరందరికి లెక్క చెప్తవ్, మనింటికే తక్కువాయెనా బిడ్డా?" అన్నది అవ్వ, తడిసిన గొంగడి పిండుకుంట.

"నా అంచనానే తప్పింది" అన్నడు బాపు.

తలుపు సాటుకు నిలవడ్డ నా చేతిల బిళ్ల ఉండె. దాన్ని లంగ మడతల దాసుకున్న.

ఆ తర్వాత ఎవలు పిలిచినా "ఇంకొకల్ని అడుగుండ్రి" అనేటోడు. బాపు పోయి ఏండ్లాయె.

నిన్న ఆ కుప్పల ఒక పెంక అడిగి, పలగకుండ చున్నీల చుట్టి తెచ్చిన. ఇప్పుడు మాది స్లాబు ఇల్లు. దీన్ని యాడ పెట్టాల్నో సమజైతలేదు.