తలుపు వేయనివ్వని ఫౌజీ

మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి జారిన ఏడాది అది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక ధర్మసంస్థ నడిపే మానసిక వైద్యశాలలో నేను దుభాషీని. వార్డుబాయ్‌గా చేరి, రోగుల తెలుగును డాక్టర్ల హిందీలోకి, డాక్టర్ల హిందీని మనవాళ్ల తెలుగులోకి మారుస్తూ ముప్పయ్యేళ్లు గడిపాను. బడిలో చదివింది ఏడో తరగతి. మిగతాదంతా ఫుట్‌పాత్ మీద కిలో లెక్కన కొన్న ఇంగ్లీషు పుస్తకాలు, ఒక చిరిగిన నిఘంటువు. ఆ చదువును చూసి నవ్విన డాక్టర్లు చాలామంది బదిలీ అయి పోయారు. నేనున్నాను.

అప్పుడొచ్చాడు సాయిలు. పాలమూరు వైపు మనిషి. ఫౌజులో జవానుగా పదహారేళ్లు చేసి రిటైరై, కామాఠిపురలో మా చాల్‌లోనే, వరసగా ఒంటిగది ఇళ్లున్న ఆ పాత భవనంలో, పన్నెండో నంబరు ఖోలీ తీసుకున్నాడు. బ్యాంకు దగ్గర వాచ్‌మన్. ఫోరస్ రోడ్డు మీద టైరు పేలితే బల్ల కింద దూరేవాడు. ఇంటి తలుపు మాత్రం ఎప్పుడూ బార్లా తెరిచే ఉండాలి. ఎదురుగా మెట్లు కనబడకపోతే ఊపిరాడదు.

"దసరా దాకా చూస్త కాకా," అని అతని భార్య అనసూయ నాతో తేల్చి చెప్పింది. "ఎదిగే పిల్లను పెట్టుకొని తలుపు తెరిచి ఎన్నేండ్లు పండుకుంటం? మంచిగ గాకపోతే పిల్లను దీస్కొని నాగ్‌పాడాల మా అన్న ఇంటికి పోత."

మా దగ్గర డాక్టర్లు ఇద్దరు, మాటలతో నయం చేసే పద్ధతులూ రెండు. పెద్ద డాక్టరమ్మది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. కళ్లు మూసుకుని, ఆ సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ మళ్లీ చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇంట్లో రోజూ వినాలి. వినగా వినగా భయం పదును పోతుంది. చిన్న డాక్టరుది కాగ్నిటివ్ ప్రాసెసింగ్. జరిగినదాని గురించి మనసులో పాతుకుపోయిన తీర్మానాన్ని కాగితం మీద రాయించి, దాని మీద వకీలులా అడ్డప్రశ్నలు వేయడం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంతో గౌరవం. అంటే, ఎదుటివారి పద్ధతి పనికిరాదని నాతో మాత్రమే చెప్పేవారు.

ముందు చిన్న డాక్టరు పట్టుకున్నాడు. నాలుగు వారాలు, నాలుగు కాగితాలు. అన్నింటి మీదా ఒకటే వాక్యం: బల్వంత్‌ను నేనే చంపిన. దస్తూరీ మాత్రం బాగుపడింది.

తర్వాత పెద్ద డాక్టరమ్మ. హిందీలో చెప్పమంటే సాయిలు లేచి అటెన్షన్‌లో నిలబడి రిపోర్టు ఇచ్చాడు: ఫిరంగి గోళా పడి ఒక జవాను మృతి, ఒకడికి జ్వరం. "నీ ఇంటి భాషలో చెప్పు," అందామె. అప్పుడు కూర్చున్నాడు. "నాకు జరమొచ్చింది. బంకర్ల పండుకున్న. నా డ్యూటీకి బల్వంత్ పోతుండు. పోయేటప్పుడు నాకు దుప్పటి కప్పుతుండు. గోళా వచ్చి..." అని ఆగిపోయాడు. నేను అనువదించడం మరిచిపోయాను. ఆమె కూడా అడగలేదు.

రికార్డింగును ఇయర్‌ఫోన్స్‌తో వినాలని నియమం. ఈ పుస్తకాలు రాసినవాళ్లలో ఒక్కడైనా చాల్‌లో ఉన్నాడా! సాయిలు ఒప్పుకోలేదు. "చెవులు మూస్కుంటే మెట్ల మీద ఎవడొస్తుండో ఎట్ల తెలుస్తది కాకా?"

నేను డాక్టరమ్మను అడిగి ఉండాలి. అనుభవశాలిని కదా, అడగలేదు. "స్పీకర్ల పెట్టుకో పో," అన్నాను. "పోరగాండ్లందరు మరాఠీలనే మాట్లాడ్తరు. తెలుగు ఇనేటోడు ఎవడున్నడు?" ఆస్పత్రిలో తెలుగు నేనొక్కణ్ణే తెరవగల తాళం పెట్టె. ఆ ధీమాతో, తెలుగు చాల్‌లో నిలబడి, ఆ మాట అన్నాను.

వారం తర్వాత నల్లా దగ్గర బాలమ్మ నన్ను ఆపింది. డెబ్బై దాటిన మనిషి, సాయిలు పక్క ఖోలీ. "ఏం తమ్మీ, ఆ గోళా పడ్డకాడ్నే రోజు ఎందుకు బంద్ జేస్తడు? ముంగట ఏమైందో చెప్పడా?"

సాయంత్రం ఆరింటికి మెట్లెక్కి చూద్దును కదా, గ్యాలరీలో ఆరుగురు ఆడవాళ్లు, ఒళ్లో బియ్యం చాటలు. ఏ ఖోలీలోనూ సీరియల్ మోగడం లేదు. గడప మీద పెట్టిన ఫోనులోంచి రికార్డింగు వినిపిస్తోంది, పక్కనే సాయిలు. చాటలతో గ్యాలరీలో కూర్చోవడం రోజూ ఉన్నదే కాబట్టి సాయిలుకు అనుమానం రాలేదు. నేను ఫోను లాక్కుని ఆపేశాను.

"అరే, ఎందుకు బంద్ జేసినవ్!" ఆరు గొంతులు.

సాయిలు అందరి ముఖాలూ చూశాడు. "అందరు ఇన్నరా కాకా?"

లోపల అనసూయ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"అయితే ఎరుకైంది గద," అన్నాడు సాయిలు నేల చూస్తూ. "నేనే సంపిన."

"ఆ జరం నువ్వు చిట్టీ రాసి పిలిపిచ్చుకున్నవా?" అంది బాలమ్మ, చాటలో రాయి ఏరుతూ.

"లేదు."

"వాన్ని పొమ్మన్నదెవలు?"

"సుబేదార్ సాబ్."

"మరి నడుమ నువ్వెవల్రా? పోయేటప్పుడు నీకు దుప్పటి కప్పి పోయిండని రోజు నువ్వే చెప్పవడ్తివి. నీ మీద పగ ఉన్నోడు దుప్పటి కప్పుతడా?"

సాయిలు ఆమె పక్కనే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆమె చాట పక్కన పెట్టలేదు. ఒక చేత్తో వీపు నిమురుతూ, రెండో చేత్తో రాళ్లు ఏరింది.

మర్నాడు డాక్టర్ల ముందు తప్పు ఒప్పుకున్నాను. పెద్ద డాక్టరమ్మ మూడు భాషల్లో తిట్టింది. "ఆ రహస్యం నీదా, పంచడానికి?" అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది. చిన్న డాక్టరు మాత్రం వెలిగిపోయాడు. "అది అచ్చంగా నా ప్రశ్న!" "ఏడు రోజులు వరుసగా విన్నాడు కాబట్టే నీ ప్రశ్న చెవికెక్కింది," అందామె. వాళ్లు అలా వాదించుకుంటుంటే నేను వెళ్లి సాయిలుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తర్వాత రికార్డింగు ఆస్పత్రి గదిలోనే విన్నాడు. ఐదో కాగితం మీద వాక్యం మారింది: బల్వంత్ నాకు దుప్పటి కప్పి పోయిండు.

దసరాకు రెండు రోజుల ముందు మెట్లెక్కాను. పన్నెండో నంబరు తలుపు మూసి ఉంది. అనసూయ వెళ్లిపోయిందనుకున్నాను. తలుపు ముందు బాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మండిపడుతోంది.

"చూడు తమ్మీ వీని పొగరు! తలుపేసుకుండు!"

దబదబా బాదింది. లోపల్నుంచి సాయిలు గొంతు: "తింటున్నం అవ్వా! పది నిమిషాలాగు!" వెనకాలే పిల్ల నవ్వు, అనసూయ కసురు.

ఆ కేసు తర్వాత ఏ రోగికైనా ఇంటిపని చెప్పేముందు, నీ గోడకు అవతల ఎవరుంటారని అడుగుతున్నాను. డాక్టర్లు ఇప్పటికీ అడగరు. ఆ రోజు మాత్రం నేనేమీ అడగలేదు. అలిగిన బాలమ్మ పక్కన, మూసిన తలుపు ముందు, పది నిమిషాలు హాయిగా కూర్చున్నాను.