నేలకు దగ్గరగా కూర్చున్న కారు

ఆదివారం పూట యాప్రాల్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగితే థిన్నరు వాసన గుప్పున కొడుతుంది. రెండో అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకాయన తన తండ్రి నడిపిన పాత స్కూటరుకు సొంతంగా రంగు వేసుకుంటున్నాడు. వేసిందే గీకి, గీకిందే మళ్ళీ వేసి, వానాకాలం మొదలైన దగ్గర్నుంచీ భార్య చేత చీవాట్లు తింటున్నాడు. కూరగాయల సంచి పట్టుకుని నేను అక్కడే ఆగిపోతాను. ఆ వాసనలో ఏదో తక్కువైందని నాకు అనిపిస్తూనే ఉంటుంది. తక్కువైంది మైలుతుత్తం. తడి సున్నంలో మైలుతుత్తం కలిపినప్పుడు వచ్చే ఆ చల్లటి వాసన, నాలుకకు రాగి చెంబు తగిలినట్టుండే వాసన, మా ఇంటి కారు రంగులో ఉండేది. లోకంలో కార్ల రంగులన్నీ అలాగే వాసనేస్తాయని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో మా ఊరు. తొంభైల్లో ఆ దారికి అటూ ఇటూ ద్రాక్షతోటలే. శివరాత్రి దాటేసరికి పందిళ్ళ కింద గుత్తులు దిగి, వంగి నడిచే పెద్దవాళ్ళ నెత్తికి తగులుతుండేవి. పెట్టెల్లో పరిచే కాగితపు ముక్కల వాసన, లారీల డీజిలు వాసన, చితికిన పళ్ళ మీద ముసిరే తేనెటీగల రొద, ఇవన్నీ కలిసి ఇంట్లో ఎవరికీ ఇంకొకరిని పట్టించుకునే తీరిక ఉండనిచ్చేవి కావు. కోత అయ్యాక కత్తిరింపు. కోసిన తీగ చివర బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతుంటే అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎందుకు ఆగవు, తాగితే ఏమవుతుంది అని అడిగి, జవాబు రాకముందే నాకి చూసేదాన్ని. మా అవ్వ పుల్లటి పిందెలు వేసి పప్పు వండేది. ఆ పప్పు తింటూ కూడా నేను ఏదో ఒకటి అడుగుతూనే ఉండేదాన్నట. నా ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేది ఇంట్లో ఒక్క సుగుణత్తే. జవాబు తెలియకపోతే అప్పటికప్పుడు కల్పించి చెప్పేది కూడా ఆమే.

ఆ కారు ఒక ఎండాకాలం, కత్తిరింపులు అయ్యాక, మా ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని వచ్చింది. యాప్రాల్‌లో ఉండే ఒక రిటైరైన మిలిటరీ ఆయనకు మా బాపు ఏటా ద్రాక్ష పంపేవాడు. ఆయన ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో చల్లని కొండల ఊరికి వెళ్ళిపోతూ, షెడ్డులో ఏళ్ళుగా కదలకుండా పడి ఉన్న తన విలాయతి పందెపు కారును బాపు చేతుల్లో పెట్టాడు. ఇద్దరే కూర్చునే బండి. పైకప్పు గుడ్డది, అదీ ఎలుకలు కొట్టేసినది. తలుపులు మోకాలెత్తు కూడా లేవు. లోపల కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే. ఊరు ఊరంతా వచ్చి చూసింది. అవ్వ దాని చుట్టూ తిరిగి, లోపలికి వంగి చూసి తీర్పు చెప్పేసింది.

“గిది బండా, పీటనా? గిండ్ల ఎక్కుడు లేదు, దిగుడే ఉన్నది.”

బాపుకు కార్ల సంగతి ఏమీ తెలియదు. పంపుసెట్లు విప్పడం తెలుసు, ట్రాక్టరు విప్పడం తెలుసు, అంతవరకు తెలిసిన మనిషికి మిగతాది తెలియకుండా ఉంటుందా అనే ధీమా ఉండేది. పశువుల కొట్టం పక్క రేకుల షెడ్డులో కారు నిలబెట్టి, తోటపని లేని ప్రతి మధ్యాహ్నం దాన్ని విప్పేవాడు. విప్పిన ముక్కలన్నీ ద్రాక్ష బుట్టల్లో వరసగా పెట్టి, ఏ బుట్ట దేనిదో మర్చిపోయి, నన్ను అడిగేవాడు. నేను జ్ఞాపకం పెట్టుకునేదాన్ని. ఫ్యాను బెల్టు తెగితే బోరు మోటారు బెల్టు కోసి వేశాడు, అది ఆడుతూ పాడుతూ రెండు సంవత్సరాలు నడిచింది. సికిందరాబాదు పాత సామాన్ల దుకాణాలు తిరిగి తెచ్చిన ముక్కలు సగం పట్టేవి, సగం పట్టేవి కావు. ఎక్కడైనా కొత్త బెజ్జం పెడితే తేలిగ్గా పని అయిపోతుందని వచ్చినవాళ్ళు సలహా ఇస్తే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. అసలు బండి ఎలా ఉందో అలాగే బాగు చేస్తానని, ఒక్క నట్టు కూడా మార్చనని, ఆ మిలిటరీ ఆయన చేతిలో చేయి వేసి మాట ఇచ్చాడట. బెల్టు సంగతేమిటని నేను అడిగితే, అది కనబడదు కదా అన్నాడు.

సుగుణత్త బాపుకు చెల్లెలు. పసితనంలో జ్వరం వచ్చి రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. అరచేతులకు రబ్బరు చెప్పులు తొడుక్కుని, చేతుల మీద ఆనుకుని ఇల్లంతా సర్రున తిరిగేది. ఇల్లు ఆమె రాజ్యం. కుట్టుమిషనుకు చేతిచక్రం పెట్టించుకుని ఊళ్ళో సగం మందికి జాకెట్లు కుట్టేది, కుదరని జాకెట్టు గురించి ఎవరైనా నోరెత్తితే వాళ్ళ ఒళ్ళే సరిగా లేదని చెప్పి పంపేది. కానీ వాకిలి ముందు మెట్లు, మెట్ల అవతల గుంటల బజారు. అవి దాటాలంటే బాపో పాలేరో ఎత్తుకోవలసిందే. ఎత్తేటప్పుడు అత్త కళ్ళు గట్టిగా మూసుకునేది. కింద దించాకే తెరిచేది. ఎందుకు మూసుకుంటావని ఒకసారి అడిగితే, నా అన్ని ప్రశ్నల్లోనూ ఆ ఒక్కదానికే ఆమె జవాబు చెప్పలేదు.

బతుకమ్మ పండగ రోజుల్లో ఆమె బాధ ఇంకా బాగా తెలిసేది. మా వాడలో అత్త పేర్చినంత నిండుగా బతుకమ్మను ఎవరూ పేర్చలేరు. గునుగుపూలకు రంగులద్ది, తంగేడు, బంతి, సీతజడ వరసలు కట్టి, నా గడ్డం దాకా లేపేది. పెద్ద బతుకమ్మ రోజు సాయంత్రం దాన్ని మా అమ్మ నెత్తిన పెట్టుకుని పోయేది. చెరువు కట్టకు ఎత్తుకుపోతానని బాపు ఏటా అనేవాడు. పట్టుచీర కట్టుకుని మగవాడి చంకనెక్కి బతుకమ్మకు పోయే ఆడది ఎక్కడన్నా ఉందా అని అత్త కసిరేది. అందరం పోయాక ఒక్కతే సత్తుపిండి ముద్దలు చేస్తూ కూర్చునేది. తాను పేర్చిన బతుకమ్మ నీళ్ళ మీద ఎలా పోతుందో ఆమె ఎన్నడూ చూడలేదు. తిరిగొచ్చాక నన్ను పిలిచి, ఎంత దూరం పోయింది, పక్కకు ఒరిగిందా, దీపం ఎంతసేపు కనబడింది అని గుచ్చి గుచ్చి అడిగేది. ఆ ఒక్క రోజు ప్రశ్నలు ఆమెవి, జవాబులు నావి.

వానలు మొదలైన ఒక మధ్యాహ్నం షెడ్డులోకి పోతే, కారు పక్కన రెండు రబ్బరు చెప్పులు, ఒక పీట కనబడ్డాయి. తల ఎత్తి చూస్తే స్టీరింగు వెనక అత్త కూర్చుని ఉంది. వంటింటి వైపు నుంచి షెడ్డు దాకా మెట్లు లేవు. నేల మీది నుంచి పీట మీదికి, పీట మీది నుంచి తలుపు గడప మీదికి, అక్కడి నుంచి సీట్లోకి జరిగిందట. నా కేకకు బాపు పరుగెత్తుకొచ్చాడు, వెనకే అవ్వ వచ్చింది.

“ఎవరెక్కిచ్చిన్రు నిన్ను?”

“ఒకరు ఎక్కియ్యాల్నా? నేనే ఎక్కిన,” అంది అత్త. ఆమె ముఖం ఎంత వెలిగిపోతోందో ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. “అన్నా, గీ బండి నా ఎత్తుంది.”

తర్వాత ఆమె అడగవలసింది అడిగేసింది. కాళ్ళు చేసే పని చేతులకు ఇవ్వమంది. స్కూటరు క్లచ్చి చేతికే ఉంటుంది కదా, ట్రాక్టరు ఎక్సలేటరు చేతికే ఉంటుంది కదా, దీనికెందుకు ఉండకూడదని వాదించింది. ఈసారి పండగకు తన బతుకమ్మను తానే తీసుకుపోతానంది. బాపు తల గోక్కున్నాడు. మాటిచ్చానన్నాడు. ఆ సాబు కొండల మీద నుంచి దిగి చూడవస్తాడా అని అవ్వ మందలిస్తే, చూసినా చూడకున్నా మాట మాటే అన్నాడు. అత్త కిందికి జరిగి చెప్పులు చేతులకు తొడుక్కుంది.

“నీ మాట నువ్వు నిలుపుకో అన్నా. నన్నైతే ఇగ మొయ్యకు.”

అన్నట్టే చేసింది. ఆ తర్వాత ఎవరినీ ఎత్తనివ్వలేదు. ముందు వాకిట్లోకి పోవలసి వస్తే ఒక్కో మెట్టూ జారుతూ దిగేది. మోచేతులు గీరుకుపోయేవి. మేనమామ కూతురి పెళ్ళికి కూడా రానంది. బాపు షెడ్డు వైపు పోవడం మానేశాడు, అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీసేవాడు. ఒక పొద్దున వాన తడికి మెట్ల మీద అత్త జారింది. పెద్ద దెబ్బేమీ కాదు, మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. బాపు గుడ్డ తడిపి తుడిచాడు. ఎత్తబోయి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. అట్నుంచి అటే తోటలోకి పోయి, పందిళ్ళకు వాడే ఇనుప ముక్కలు, డ్రిల్లు మిషను తెచ్చుకున్నాడు. కారు లోపలి రేకు మీద డ్రిల్లు ఆనించి, యాప్రాల్ దిక్కు తిరిగి, “మాఫ్ జేయి సాబ్” అని, మీట నొక్కాడు. ఆ చప్పుడుకు గేదెలు తాళ్ళు తెంపుకోబోయాయి. నాకు మాత్రం అంత మంచి చప్పుడు మళ్ళీ వినలేదనిపిస్తుంది.

ఒక్కసారి మొదలుపెట్టాక బాపును ఆపడం ఎవరి తరమూ కాలేదు. బ్రేకుకు ఇనుప కడ్డీ కట్టి స్టీరింగు పక్కకు తెచ్చాడు, ముందుకు తోస్తే బండి ఆగుతుంది. గేరు కడ్డీ పక్కనే క్లచ్చికి ఇంకో కడ్డీ పెట్టాడు. ఎక్సలేటరు అచ్చం ట్రాక్టరుదే, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఇన్ని చేతులు ఎక్కడివని నేను అడిగితే, ఏళ్ళ తరబడి నడిచిన చేతులకు ఇదెంత అని అత్త కండలు చూపించింది. చివరికి రంగు. మీగడ రంగు తెచ్చి, ద్రాక్షకు మందు కొట్టే పంపులో పోసి కొట్టాడు. ఆ వారమే దానితో మైలుతుత్తం కొట్టి ఉన్నారు. పంపు కడిగాననే బాపు అనుకున్నాడు. తీరా చూస్తే గొట్టంలో ఎండిన పొక్కులు ఊడి వచ్చి, కారు ఒంటినిండా నీలం చుక్కలు పడ్డాయి. బాపు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అత్త మాత్రం కౌజుపిట్ట గుడ్డులాగా ముద్దొస్తోందని, గీకితే ఊరుకోనని చెప్పింది.

తోటకూ ఇంటికీ నడుమ బండ్లబాట మీద ఆమె నేర్చుకుంది. మొదట్లో ఒకసారి క్లచ్చి అనుకుని ఎక్సలేటరు లాగి పందిరి స్తంభాన్ని గుద్దింది, ఒక వరస తీగంతా బండి మీద కూలింది. ఆకుల్లో నుంచి తల బయటపెట్టి, ఈ స్తంభం ఇక్కడెవరు పెట్టారని బాపునే గదమాయించింది. పక్క సీట్లో కూర్చుని నేను, చక్రం తిరుగుతుంటే వేగం చూపే ముల్లు ఎందుకు వణుకుతుంది, పెట్రోలు కాలితే బూడిదెక్కడ పోతుంది అని అడుగుతుంటే, ఆమె బాట మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబులు కల్పించేది.

పెద్ద బతుకమ్మ సాయంత్రం బతుకమ్మను తాంబాళంతో సహా పక్క సీట్లో పెట్టి, నూలు తాడుతో కట్టారు. అమ్మవారు కూర్చున్నాక ఇంకొకరికి చోటెక్కడిదని అవ్వ నన్ను దింపేసింది. అత్త పట్టుచీర కొంగు నడుముకు చెక్కుకుని, పీట మీది నుంచి సీట్లోకి జరిగి, తలుపు తానే వేసుకుంది. బండి కదిలింది. ఆడవాళ్ళ నడక ఎంతో దాని నడకా అంతే. కారు ముందు, వెనక నెత్తిన బతుకమ్మలతో వాడంతా, ఆ వెనక బాపు, చేతుల్లో ఆ పీట. చెరువు కట్ట మీద అత్త తానే దిగింది. ఆడవాళ్ళు ఆడుతూ ఆమె చుట్టూ తిరిగారు, ఆమె మధ్యలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నీళ్ళ దాకా చేతుల మీద పోయింది. అమ్మ అందించిన బతుకమ్మను తానే వదిలి, దీపం కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ రోజు ఆమె నన్ను ఏమీ అడగలేదు. ప్రసాదం సద్దులు పంచేటప్పుడు, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద మొదట బాపు చేతిలో పెట్టింది. బాపు ఏడ్చాడు, నేను చూశాను.

ఆ కారు కొన్నేళ్ళు తిరిగింది. శామీర్‌పేట అంగడికి, మేడ్చల్‌లో దారాల దుకాణానికి అత్త ఒక్కతే పోయి వచ్చేది. తర్వాత బోర్లు ఎండాయి. పందిళ్ళు పీకి ఇనుము అమ్మారు, తోటలు ప్లాట్లయ్యాయి. పట్టే ముక్కలు ఎక్కడా దొరక్క బండి షెడ్డులో ఆగిపోయింది. బాపు పోయాక, పాత కార్లంటే ప్రాణం పెట్టే పట్నం ఆయన ఒకరు వచ్చి దాన్ని తీసుకుపోయాడు. ఆ బెజ్జాలు పూడ్పించి, రంగు గీకించి, మొదట ఎలా ఉండేదో అచ్చం అలాగే చేయిస్తానని సంతోషంగా చెప్పాడు. అత్త సరేనని తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అత్త నా దగ్గరే ఉంటుంది. లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీ ఉంది. కానీ ఈ కాలపు కార్లన్నీ ఎత్తుగా ఉంటాయి, ఎంత కొత్తదైతే అంత ఎత్తు. మొన్న ఆదివారం నాగారంలో పెళ్ళికి పిలిపించిన కారులో సీటు ఆమె చక్రాల కుర్చీ కన్నా బాగా ఎత్తున ఉంది. స్కూటరాయన రంగు చేతులు తుడుచుకుని వచ్చాడు, డ్రైవరు దిగాడు, ముగ్గురం కలిసి ఎత్తాం. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. సీట్లో కుదురుగా కూర్చోబెట్టాక తెరిచి, చీర సర్దుకుని, కిందికి నేల వైపు చూసింది.

“మీ బాపు ఉంటే గీ బండిని కోసి కిందికి దించుతుండె బిడ్డా,” అంది.

థిన్నరు వాసన మాతోపాటు కారులోకి వచ్చింది. నేను తలుపు వేశాను.