సంగటి తినేవాళ్ళకు బీపీ రాదని చెప్పింది నేనే

ఐదేళ్ళుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోతున్నాను, కక్కలేకపోతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. కుప్పంలో ఉన్న మా అమ్మకు చెప్పలేదు. నాతో పనిచేసేవాళ్ళకు చెబితే నవ్వేసి, ఇందులో ఏముంది, అందరం చేసేదే కదా అంటారు. వాళ్ళు అలా అంటే నా మనసు తేలికపడిపోతుందేమోనని భయం. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది.

నేను ప్రభుత్వ నర్సును. పెద్దాసుపత్రిలో వార్డుల్లో తిరిగే నర్సును కాదు, ఊళ్ళు తిరిగే నర్సును. టీకాలు, గర్భిణుల వివరాలు, బీపీ, షుగరు, దోమల సర్వే. ఏ కొత్త పథకం పుట్టినా చివరికి దాని బరువు వచ్చి నా భుజాన వేలాడే సంచిలోనే పడుతుంది. నేను చేరినప్పటి నుంచి మా సెంటరు గోడకు మూడు రంగులు మారాయి. బోర్డు మీద పేరు రెండుసార్లు మారింది. నా కుర్చీ విరిగిన కాలు మాత్రం అలాగే ఉంది, కింద ఇటుక పెట్టుకుని కూర్చుంటాను.

కాపురం పుంగనూరులో. అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక ఆటో, ఆటో ఆగిపోయిన చోటి నుంచి నడక. ఆ నడక చివర గుట్ట కింద ఒక పల్లె. పేరు రాయను. నలభై ఇళ్ళుంటాయేమో. తారు రోడ్డు అక్కడిదాకా రాలేదు. ఫోనుకు సిగ్నలూ రాలేదు.

చుట్టూ తిరక్కుండా చెప్పేస్తాను. ఆ పల్లెలో బీపీ చూడకుండానే చూసినట్టు రాశాను. ఒకరికో ఇద్దరికో కాదు. ఇంచుమించు ఊరందరికీ.

ఎలా మొదలైందో చెబుతాను. సాకు అనుకుంటే అనుకోండి. ఆ ఏడాది ఇంటింటికీ వెళ్ళి, వయసు ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడమన్నారు. మంచి పనే, కాదనను. పేదవాడు జబ్బు ముదిరాక ఆసుపత్రికి పరిగెత్తకుండా ముందే పట్టుకోవాలని ఎవరో నిజంగానే ఆలోచించి పెట్టారు. కానీ ఆ ఆలోచించినాయన ఎప్పుడైనా ఆ పల్లెకు పొద్దున పదకొండింటికి వచ్చి చూశాడా? అక్కడ ఆడవాళ్ళంతా తెల్లారకముందే టెంపో ఎక్కి టమాటా కోతకు వెళ్ళిపోతారు. మదనపల్లె మార్కెట్టుకు కాయ చేరాలంటే వీళ్ళ చేతులు ఐదున్నరకే కదలాలి. మగవాళ్ళు బరువులెత్తే పనికి వెళతారు. నా డ్యూటీ పది నుంచి ఐదు. నేను వెళ్ళేసరికి ఊళ్ళో ఉండేది తాళాలు, కోళ్ళు, మంచాల మీద ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు. తాళాలకు బీపీ చూడనా?

సాయంత్రం కాగానే ఫోనులో మెసేజీలు మొదలు. ఎవరు ఎన్ని చేశారు, ఎవరు వెనకబడ్డారు. వెనకబడ్డవాళ్ళ పేర్లు ఎర్ర అక్షరాల్లో. నా పేరు వరుసగా నాలుగు రోజులు ఎర్రగా వచ్చింది. ఐదో రోజు ఆ పల్లెలో ఒక అరుగు మీద కూర్చుని, ఎదురుగా తాళం వేసిన తలుపును చూస్తూ, ట్యాబులో 120/80 అని కొట్టాను.

చెయ్యి వణికిందా? లేదు. అదే నాకు ఇప్పటికీ విసుగు తెప్పించే సంగతి. కనీసం వణికి ఉండాల్సింది.

అందరికీ ఒకే అంకె వేసిన ఒక నర్సును అంతకు ముందే మీటింగులో నిలబెట్టి తిట్టారు. కాబట్టి నేను తెలివిగా వేశాను. ఒకరికి 118/76. ఒకరికి 124/82. వయసు పైబడినవాళ్ళకు రెండు మెట్లు పైన, పడుచువాళ్ళకు రెండు మెట్లు కింద. ఎంత చక్కగా వేశానంటే, ఆ శ్రద్ధలో సగం పెట్టినా నిజంగానే చూసి ఉండేదాన్ని. ఎక్కువ మాత్రం ఎవరికీ వేయలేదు. ఎక్కువ వేస్తే మళ్ళీ రావాలి, రెండోసారి చూడాలి, డాక్టరు దగ్గరికి పంపాలి, పంపినట్టు ఫొటో పెట్టాలి. ఊరంతా ఆరోగ్యంగా ఉంటే నాకు పని ఉండదు. అందుకని ఊరంతటినీ ఆరోగ్యంగా ఉంచాను.

ఒక్కటి దాచిపెట్టి మిగతాదంతా చెబితే ఇది ఒప్పుకోలు కాదు. ఆ ట్యాబులో 'ఇల్లు తాళం వేసి ఉంది' అని ఒక గడి ఉంది. అది నొక్కితే చాలు. అబద్ధం ఉండేది కాదు. కాకపోతే ఆ ఇల్లు పెండింగులో పడుతుంది, నా పేరు ఎర్రగా వస్తుంది. అంతే. అంతకు మించి నాకు వచ్చే కష్టమేమీ లేదు. ఉద్యోగం పోదు, జీతం కోయరు. ఎర్ర అక్షరాలకు భయపడి నేను ఆ గడి నొక్కలేదు.

ఇదే పని పుంగనూరులో మా వీధిలో చేసేదాన్నా? చేసేదాన్ని కాదు. అక్కడి అంగళ్ళవాళ్ళు నాకెప్పుడు చూశావమ్మా అని నిలదీస్తారు, పైకి ఫోను చేస్తారు. ఈ పల్లెవాళ్ళు అడగరు. అడగరని నాకు తెలుసు. అదే నెలలో కుప్పం వెళ్ళి, అదే సంచిలోని అదే మిషనుతో మా అమ్మకు రెండు చేతులకూ చూశాను. ఒకసారి ఎక్కువొచ్చిందని పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను. మా అమ్మ చేతికి ఉన్న విలువ ఆ పల్లెలో చేతులకు లేదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే, రాతలో తప్పుగానే మిగిలిపోయేది. ఆగలేదు.

ఆ తర్వాత డాక్టరు బండి ఏ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళాలో సరిదిద్దే పని పెట్టుకున్నారు. నెలకోసారి ఒక డాక్టరు, మందులు, పరీక్షల సామాను వేసుకుని పల్లెలకు వచ్చే బండి అది. ఎక్కడ జబ్బులు ఎక్కువ ఉన్నాయో అక్కడికి ఎక్కువసార్లు వెళ్ళాలి, పలుకుబడి ఉన్న ఊళ్ళకే కాదు అన్నారు. ఇంత న్యాయమైన మాట నా సర్వీసులో నేను వినలేదు. మదనపల్లెలో ఒక కల్యాణ మండపంలో మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, తెర మీద ఊళ్ళ పటం వేసి చూపించారు. రోగులు ఎక్కువున్న ఊరు ఎరుపు. తక్కువున్నది పచ్చ. అందరి ఊళ్ళకంటే పచ్చగా మెరుస్తున్నది ఆ గుట్ట కింద పల్లె.

పెద్దాఫీసరు నన్ను లేవమన్నాడు. "ఏమమ్మా, ఏం మంత్రం వేశావు ఆ ఊరికి?" అన్నాడు. హాలంతా నా వైపు తిరిగింది. అప్పుడు చెప్పొచ్చు. అంకెలు సరిగ్గా లేవు సార్, మళ్ళీ చూస్తాను అనొచ్చు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా?

"వాళ్ళు మూడు పూటలా రాగి సంగటి తింటారు సార్."

హాలు నవ్వింది. చప్పట్లు కొట్టింది. ఆయన మురిసిపోయాడు. చూశారా, మన పెద్దల తిండిలో ఎంత ఉందో అన్నాడు. ఆ తర్వాత ప్రతి మీటింగులోనూ ఆయన ఆ మాట చెప్పాడని విన్నాను. పాంప్లెట్టులో కూడా వేశారు, సంగటి ముద్ద బొమ్మతో. నేనే పంచాను వాటిని.

బండి ఆ పల్లెకు రావడం మానేసింది. అవసరం లేని ఊరికి ఎందుకు? రోడ్డు పక్కన ఉన్న పెద్ద ఊరికి నెలకు రెండుసార్లు వెళ్ళింది. బండి యాల రాలేదు నర్సమ్మా అని పల్లెలో ఇద్దరు ముగ్గురు అడిగారు. పైవాళ్ళు నిర్ణయిస్తారు, నా చేతిలో ఏముంది అన్నాను.

అలా అడిగినవాళ్ళలో గంగులమ్మ ఒకతె. నాకంటే పదేళ్ళు పెద్ద. కోతలో ఆమె చేతివేగం చూడాలి, ఎండ ముదరకముందే ఇద్దరి పని ఒక్కతే చేసేది. తలనొప్పిగా ఉంటోందని ఒకసారి చెప్పింది కూడా. ఎండలో తిరుగుతావు కదా అక్కా, నీళ్ళు బాగా తాగు అన్నాను. సంచిలో మిషను ఉంది. సంచి భుజం మీదే ఉంది. ఆటో వెళ్ళిపోతుందని నా తొందర.

బండి మానేసిన ఐదో నెలలో టమాటా సాళ్ళ మధ్య గంగులమ్మ పడిపోయింది. మూతి వంకర తిరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మదనపల్లెకు తీసుకెళ్ళారు. ప్రాణం నిలిచింది. నేను చూడటానికి వెళితే కోడలు వాకిట్లోనే చెప్పింది, "బీపీ ముందునుంచీ ఉండాదా అని డాక్టరు అడిగినాడమ్మా. కంప్యూటర్లో సూస్తే బాగుందని ఉండాదంట. మా అత్తకు ఎప్పుడు సూసినారో మాకు తెలీలేదు." ఆ మాట చెప్పి నా మొహంలోకి చూసింది. ఆ అమ్మాయికి అర్థమైందా? ఈనాటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

ఆ వారమే మా ఆయన స్కూటరు మీద తెల్లవారుజామున ఆ పల్లెకు వెళ్ళాను. స్పెషల్ క్యాంపు అని ఆయనకు చెప్పాను. టెంపో ఎక్కే చోట నిలబడి, ఎక్కబోయే ప్రతి చేతికీ పట్టీ చుట్టాను. ఎంత తేలిక! మూడు పొద్దులు చాలాయి ఊరంతా చూడటానికి. పచ్చ ఊరు కాదది. మిషను మీద అంకెలు చూస్తుంటే నాకే తల తిరిగింది.

మరి ఆ నిజాలన్నీ వెంటనే ట్యాబులో పెట్టానా? ఇదిగో, ఇది నా రెండో తప్పు. మొదటిదానికంటే ఇదే పెద్దదేమో. ఒక్కసారిగా పెడితే పచ్చ ఊరు రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది, ఎందుకని అడుగుతారు, పాత అంకెలు తవ్వుతారు. అందుకని నెలకు నలుగురైదుగురి చొప్పున పెట్టుకుంటూ వచ్చాను. రోగం మెల్లగా వచ్చినట్టు. మాత్రలు ఎవరికీ ఆపలేదు, నా చేత్తోనే తెచ్చి ఇచ్చాను. కానీ బండి తిరిగి రావడానికి ఏడాది పైన పట్టింది. నా పరువు కాపాడుకోవడానికి పట్టిన ఏడాది అది.

ఇప్పుడు బండి వస్తోంది. పల్లెలో నాకు మంచి పేరు. పట్టుబట్టి బండి తెప్పించింది నర్సమ్మే అని చెప్పుకుంటారు.

మొన్న మధ్యాహ్నం గంగులమ్మ ఇంటికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి కూర్చుని తింటోంది. ఎడమ చేత్తో తినడం పదిమంది చూడకూడదని ఆమెకు పట్టింపు, నన్ను చూసి పళ్ళెం పక్కకు జరిపింది. మాట ఇంకా ముద్దగానే వస్తుంది.

"నర్సమ్మా, నిన్నొకటి అడగల్ల."

"అడుగు అక్కా."

"బండిలో వచ్చే డాక్టరు చెప్పినాడు, సంగటి తినేవాళ్ళకి బీపీ రాదంట. అప్పట్లో మన పల్లెను సూసే కనుక్కున్నారంట. నేను పుట్టినకాడినుంచీ సంగటే తింటాండా కదమ్మా. మరి నాకు యాల వచ్చె?"

నేను పళ్ళెం వైపు చూశాను. సగం తిన్న ముద్ద ఉంది.

"ఒక్కొక్కరి ఒంటి తత్వం అక్కా," అన్నాను.

"అంతేనంటావా. నేనే ఏదో తప్పు చేసింటాలే. ఉప్పు ఎక్కువేసుకుంటా నేను, మా కోడలు అంటానే ఉంటాది."

ఐదేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ క్షణంలో తల ఊపి, ఉప్పు తగ్గించు అక్కా అనడం ఒక ఎత్తు. అన్నాను. నిజంగా అన్నాను. ఆమె సరేనంది. నాకు మజ్జిగ ఇవ్వమని కోడలిని కేకేసింది. ఆ మజ్జిగ తాగి వచ్చాను.

నా మీద నాకే ఎంత కంపరంగా ఉందో ఎలా చెప్పను? పథకాలను తిట్టాను, ట్యాబును తిట్టాను, ఎర్ర అక్షరాలను తిట్టాను. అవన్నీ తిట్టదగ్గవే, ఇప్పటికీ తిడతాను. కానీ ఆ అరుగు మీద కూర్చున్నది అవి కాదు. నేను. గంగులమ్మకు చదువు రాదు. ఇది ఆమె చదవదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానేమో. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే నోరు నాకింకా రాలేదు. రాస్తున్నంతసేపు మాత్రం గొంతులో అడ్డం కాస్త కదిలినట్టుంది.

ఉప్పు కాదు గంగులక్కా. సంగటి కాదు. నీకు నేను బీపీ చూడనే లేదు. ఆ రోజు నేను వచ్చేసరికి నీ ఇంటికి తాళం వేసి ఉంది. నేను రాయాల్సింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు రాశాను.