గట్టు మీద చెల్లెలు

కాలువ గట్టున నీళ్ళ నమూనాలు దానంతట అదే పట్టే యంత్రం ముందు కాలుష్య నియంత్రణ మండలిలో పనిచేసే ఆవిడ కూర్చుంటే, మారాం చేసే పిల్లకి అన్నం పెడుతున్నట్టే ఉంటుంది. సీసాలు గుండ్రంగా సర్దుతుంది, మీట నొక్కేముందు వేలు చున్నీకి తుడుచుకుంటుంది, పంపు గుటక వేసిన చప్పుడు విని తలూపితే గానీ మూత వెయ్యదు. ఎగువన రంగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆవిడ సొంత అన్నే. మొన్న భోజనాల దగ్గర, "మీ మిషను సరిగ్గా గంటకోసారే పడుతుందటగా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ అంతేరా అన్నయ్యా," అంది, తినడం ఆపకుండా. అన్నకి కాలువ మీద ఎన్నడూ లేని ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడే గంటల లెక్క చెరిపేసి, నీటిమట్టం పెరిగినప్పుడల్లా పట్టేలా పెట్టింది. ఎప్పుడూ తేటగా ఉండే సీసాలు ఈసారి సిరాబుడ్లలా వచ్చాయి. కబురు తెలిసి అన్న రొప్పుతూ గట్టెక్కాడు.

"చెప్పాపెట్టకుండా టైము మార్చేశావేంటే?"

"నేనే టైమూ పెట్టలేదురా. మీరెప్పుడు రంగునీళ్ళు వదిలితే అప్పుడే పట్టమన్నాను," అని ఆఖరి మూత బిగించింది. "వచ్చావు కదా, ఈ సీసాల పెట్టెకి ఓ చెయ్యి వెయ్యి. ఇవాళ బరువుగా ఉంది."