పన్నెండు గంటల తేడా

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఫిజీలో, సువా ఊళ్లో ఎగుమతి బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. కంప్యూటర్‌కి రెండు గడియారాలుంటాయి. ఆపేసినా బ్యాటరీ మీద నడిచేది ఒకటి, ఆన్ చేశాక దాన్ని చూసి నడిచేది ఇంకొకటి. మా కంప్యూటర్లో మొదటిదానికి గ్రీనిచ్ టైము పెట్టాలి. రెండోది దానికి ఫిజీకి రావలసిన పన్నెండు గంటలు కలుపుకుంటుంది. ఒక ఉదయం బ్యాటరీ మార్చి, చేతి వాచీ చూసి, ఇక్కడి టైమే పెట్టేశాను. అది మళ్లీ పన్నెండు కలిపింది. ఇంకో దేశంలో అయితే అంకెలు తేడాగా కనిపించి అప్పుడే దొరికిపోయేవాణ్ణి. ఇక్కడ వాచీలో పది, తెర మీదా పదే. పక్కనున్న ఏఎం, పీఎం ఎవడు చూస్తాడు? నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గోదాములో గుడ్డ తానులు పోయాయని గోల. ఆ తలుపు ఎవరి నంబరు వాళ్లు నొక్కితే తెరుచుకునేది. నొక్కిన టైము కంప్యూటర్లో పడేది. గోదాము చూసే నరసమ్మక్క నంబరు రాత్రి రెండింటికి పడి ఉంది. ఆమె లోపలికి వెళ్లింది ముందురోజు మధ్యాహ్నం రెండింటికి, రోజూ వెళ్లినట్టే. తెర చూడగానే నాకు అర్థమైంది. ఏం చేశాను? ముందు గడియారం సరిచేశాను. ఆ తర్వాత రికార్డు అచ్చు తీసి మేనేజరుకిచ్చాను.

ఆయన ముందే నరసమ్మక్క నన్ను అడిగింది. "తమ్ముడూ, నేను రాత్ ఘర్‌లోనే పడుకున్నా. నీ మిషన్ ఝూట్ చెప్తదా?"

"మిషన్‌కి ఝూట్ రాదక్కా," అన్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. నాలుగు చివాట్లు పడేవి, అంతే. పెద్ద తెలిసినవాడినని పేరు తెచ్చుకుని, తప్పు చేశానని చెప్పడం నాకు నామోషీ. నా నామోషీ కోసం ఆమెను దొంగను చేశాను. ఆమె పని పోయింది. భజనలో పక్కన కూర్చునేవాళ్లు కూడా దూరం జరిగారు.

నన్ను తిట్టిపోసినా బతికిపోయేవాణ్ణి. ఆమె నన్ను నమ్మింది. మొన్న నౌసోరి మార్కెట్లో ఆమె కోడలు కనిపించి చెప్పింది. నిద్రలో లేచి వెళ్లి ఆ పని చేశానేమోనని అత్త ఇప్పటికీ అనుకుంటుందట. రోజూ రాత్రి తన గదికి బయటినుంచి గడియ పెట్టమని తనే అడుగుతుందట. కోడలు నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను.

వెళ్లి ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికపడింది. ఆమె గదికి ఈ రాత్రీ గడియ పెడతారు. అయినా నాకు తేలికపడింది. సిగ్గులేదు.