శనక్కాయల రాశి దగ్గర బడి

నిన్న ఎవరి వాకిట్లోనో విత్తనపు శనక్కాయల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. ఆ తడి పొట్టు వాసనకు నల్లమాడ దగ్గరి మా ఊరూ, ఖాదర్ అయ్యవారూ గుర్తుకొచ్చారు.

యాభైల నాటి మాట. ఆయన దర్జీ. పొద్దునంతా మిషను తొక్కి, మధ్యాహ్నం మాలాంటి కూలోళ్ల పిల్లలను పీర్ల చావిడిలో కూర్చోబెట్టి ఊరికే చదువు చెప్పేవారు. పనిలేని పని అని ఊరు నవ్వేది. నాయన చనిపోయి ఇల్లు గడవకున్నా, మా అమ్మ నన్ను అక్కడికి పంపడం మానలేదు.

ఓ కరువు ఏడు, విత్తే కాలానికి పిల్లలందరం పెద్దరెడ్డి వసారాలో విత్తనం కాయలు ఒలవడానికి పోయాం. ఒలిస్తేనే పూట గడిచేది. చావిడి బోసిపోయింది. అయ్యవారే రాశి దగ్గరికి వచ్చేశారు. పిల్లలు గింజలు తినేస్తారని రెడ్డికి ఒకటే దిగులు, అందుకే నోళ్లు ఖాళీగా ఉండకుండా పాటలు పాడించేవాడు. పాటలకు బదులు ఎక్కాలు చెప్పిస్తానన్నారు అయ్యవారు.

"సరేలేప్పా. ఎవురన్నా గింజ నోట్లో ఏసుకుంటే మాత్రం ఆ పిల్లకు పనీ లేదు, నీ బడీ లేదు" అన్నాడు రెడ్డి.

అట్లా బడి సాగింది. మాతోపాటు ఆయనా ఒలిచేవారు. పొట్టు గీసుకుని వేళ్లు మండుతున్నా నోళ్లు మాత్రం ఆగేవి కావు.

ఒకరోజు ఏడో ఎక్కం నా వంతు. ముందురోజు నుంచి కడుపులో ఏమీ లేదు. చెయ్యి నోటిదాకా ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. ఏడు నాలుగుల దగ్గర ఆగిపోయాను. రెడ్డి ఇటు తిరిగాడు. మింగలేక కక్కలేక అంటారే, అదీ నా పని. అయ్యవారు నా బుగ్గ చూశారు.

"ఆ పిల్లకు ఇంకా రాలేదు రెడ్డన్నా. తప్పు నాదే. నేను సరిగ్గా చెప్పలా."

"ఇన్నాళ్ల నుంచీ చెప్తాండావు, ఏడో ఎక్కమే రాలేదా? నువ్వేం అయ్యోరివప్పా. పోయి గుడ్డలు కుట్టుకో."

వసారా అంతా నవ్వింది. చదువు చెప్పడమంటే ప్రాణం పెట్టే మనిషి, తల వంచుకుని కాయలు ఒలుస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వైపు చూడకుండానే మెల్లగా, "నమిలి మింగు పాపా. అంతదాంకా నేను చెప్తాంటా" అని, ఏడో ఎక్కం మొదటి నుంచి గట్టిగా అందుకున్నారు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. అడిగితే నోరు మెదపని పిల్లలు ఎంతమందో ఎదురయ్యారు. బెత్తం మీదికి చెయ్యి పోయిన రోజులూ లేకపోలేదు. అయినా ఏ పిల్లనూ పాఠం ఎందుకు రాలేదని ముందు అడగలేదు. పొద్దున ఏం తిన్నావని అడిగాను.